గ్రాఫ్ నీట్‌గా గీస్తాడు కానీ చదవమంటే తప్పు చెప్తున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది ఖమ్మం. మా బాబు 9వ తరగతి, ఇంగ్లీష్ మీడియం. లెక్కలు బాగానే చేస్తాడు, గ్రాఫ్ అయితే చాలా నీట్‌గా గీస్తాడు, మార్కులు ఫుల్ వస్తాయి. కానీ మొన్న ఫిజిక్స్ టెస్ట్‌లో గ్రాఫ్ వాళ్ళే ఇచ్చి దాని మీద 5 ప్రశ్నలు అడిగితే 4 తప్పు చేశాడు. అది ఒక కారు దూరం-కాలం గ్రాఫ్. మధ్యలో గీత అడ్డంగా ఉన్న చోట 'రోడ్డు ప్లేన్‌గా ఉంది కాబట్టి కారు స్పీడ్‌గా వెళ్ళింది' అని రాశాడు. కారు ఎక్కడ ఆగింది అంటే గీత కింద చివర చూపించాడు. వాళ్ళ ట్యూషన్ సార్ చూసి వీడికి కాన్సెప్ట్ ఎక్కదు, ఇంటర్‌లో ఎంపీసీ పెట్టకండి అన్నారు. అప్పటి నుంచి మా ఆయనకీ నాకూ ఇంట్లో ఇదే గొడవ. నేను ఇంటర్ సీఈసీ చదివాను, నాకు గ్రాఫులు అంతగా రావు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఎంపీసీ సంగతి చివర్లో చెప్తాను, ముందు బాబు జవాబు చూద్దాం.

'రోడ్డు ప్లేన్‌గా ఉంది కాబట్టి స్పీడ్‌గా వెళ్ళింది' అని రాశాడు చూడండి, అది ఏదో ఒకటి రాసేద్దాం అని రాసింది కాదు. వాడు ఆలోచించే రాశాడు, కాకపోతే గ్రాఫ్‌ని బొమ్మ అనుకుని ఆలోచించాడు. గీత పైకి పోతుంటే కారు గుట్ట ఎక్కుతోంది, అడ్డంగా ఉంటే చదును రోడ్డు, కిందికి వస్తుంటే దిగుడు, మొత్తం దిగిపోయాక కింద ఆగింది. బొమ్మగా చూస్తే వాడు చెప్పిందానికి ఒక వరస ఉంది. కానీ దూరం-కాలం గ్రాఫ్‌లో అడ్డగీత అంటే టైమ్ నడుస్తోంది, దూరం మాత్రం మారట్లేదు, అంటే కారు కదలట్లేదు. వాడు కారు స్పీడ్‌గా పోయింది అనుకున్న చోటే అది ఆగి ఉంది.

ఇది మీవాడి ఒక్కడి ఇబ్బంది అనుకోకండి. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో లిలియన్ మెక్‌డర్మాట్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్, ఆమె టీమ్ వాళ్ళు కాలేజీ పిల్లల మీదే ఇది చాలాకాలం గమనించి 1987లో పేపర్ వేశారు. పాయింట్లు పెట్టడం, వాలు లెక్కకట్టడం బాగా వచ్చిన పిల్లలు కూడా గ్రాఫ్‌లో ఎత్తు ఎక్కడ చూడాలి, వాలు (స్లోప్, అంటే గీత ఎంత నిటారుగా ఉంది అన్నది) ఎక్కడ చూడాలి అన్న చోట తడబడతారని అందులో ఉంది. పీసా అని దేశదేశాల 15 ఏళ్ళ పిల్లలకి పెట్టే పరీక్ష ఉంది కదా, అందులో రేసు కారు ప్రశ్న ఒకటి బాగా ఫేమస్. చదును ట్రాక్ మీద తిరిగే కారు స్పీడ్ గ్రాఫ్ ఇస్తారు, గీత మూడు చోట్ల కిందికి దిగి మళ్ళీ లేస్తుంది, కింద ఐదు ట్రాక్‌ల బొమ్మలిచ్చి కారు తిరిగింది వీటిలో దేని మీద అంటారు. మలుపు దగ్గర స్పీడ్ తగ్గిస్తారు కాబట్టి మూడు మలుపులున్న ట్రాక్ వెతకాలి, అందులోనూ ఏ మలుపు ఎక్కువ వంపుగా ఉంటే అక్కడ గీత ఎక్కువ దిగుతుంది. ఇలాంటి ప్రశ్న వస్తే గ్రాఫ్ గీత ఎలా వంకర తిరిగిందో అలాగే ఉన్న ట్రాక్ బొమ్మకి టిక్ పెట్టే పిల్లలు అన్ని దేశాల్లోనూ ఉంటారు. మీవాడు చేసిందీ అదే.

అసలు లెక్కల్ని గీతలుగా చూడటం మనిషికి పుట్టుకతో వచ్చే విద్య కాదు. స్కాట్లాండ్ ఆయన విలియం ప్లేఫెయిర్ ఇంగ్లండ్ ఎగుమతులు దిగుమతులు ఏళ్ళవారీగా గీతలు గీసి పుస్తకంగా వేసింది 1786లో, అంటే ఇంకా 250 ఏళ్ళు కూడా కాలేదు. అక్షరాలు చదవడం నేర్పినట్టే దీన్నీ నేర్పాలి. మన దగ్గర నేర్పేది గీయడం. పట్టిక ఇస్తారు, పిల్లాడు పాయింట్లు పెడతాడు, స్కేలుతో కలుపుతాడు, కుడివైపు పైమూల 'స్కేలు: ఎక్స్ అక్షం మీద 1 సెం.మీ = 1 యూనిట్' అని రాస్తాడు, పట్టికకి ఇన్ని మార్కులు గ్రాఫ్‌కి ఇన్ని మార్కులు అని పడిపోతాయి. గీసిన తర్వాత 'నాయనా ఈ గీత ఏం చెప్తోంది' అని ఒక్క ముక్క అడిగేవాళ్ళు లేరు. సిలబస్ పూర్తి చేయాలన్న హడావిడిలో టీచర్లకీ టైమ్ ఉండదు, నేను కాదనను, కానీ నష్టపోయేది మాత్రం పిల్లలే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీకు గ్రాఫులు రావు అన్నారు కదా, ఈ పనికి అదే మంచిది. వాడు మీకు వివరించి చెప్పాలి, మీకు అర్థం అయ్యేదాకా చెప్పాలి. తెలుగులోనే చెప్పించండి. ఇంగ్లీష్ మీడియం పిల్లలు 'ద స్లోప్ ఈజ్ కాన్‌స్టంట్' అని గడగడా అప్పజెప్తారు, అదే ముక్క తెలుగులో చెప్పమంటే ఆగిపోతారు, ఎక్కడ ఆగిపోయాడో అక్కడే వాడికి అర్థం కాలేదని మీకు తెలిసిపోతుంది.

రూల్ ఒకటే పెట్టండి, గ్రాఫ్ ముందు పెట్టగానే గీత వైపు చూడకూడదు. ముందు అడ్డంగా కింద ఏం రాశారు, నిలువుగా పక్కన ఏం రాశారు, ఏ కొలతల్లో రాశారు, ఒక్కో గడికి ఎంత, ఇవి పైకి చదవాలి. కావాలంటే గీత మీద ఒక కాగితం కప్పేయండి, అక్షాలు చదివాకే కాగితం తీయాలి. తర్వాత గీత మీద ఎక్కడో ఒక చోట వేలు పెట్టి ఆ పాయింట్‌ని ఒక పూర్తి వాక్యంగా చెప్పమనండి. '5, 400' అంటే ఒప్పుకోవద్దు. 'బయల్దేరిన 5 నిమిషాలకి ఇంటి నుంచి 400 మీటర్ల దూరంలో ఉన్నాడు' అనాలి. ప్రతి పాయింట్‌లోనూ రెండు సంగతులు ఉంటాయి, రెండూ ఒకే వాక్యంలో రావాలి. ఇలా చెప్పడం అలవాటైతే ఆ గుట్టలూ రోడ్లూ వాటంతట అవే పోతాయి, ఎందుకంటే 'నిమిషాలు' అన్న మాట నోటితో అన్నాక దాన్ని రోడ్డుగా ఊహించుకోవడం కష్టం.

ఒక లెక్క ఇస్తాను, ఇంట్లో గీయించండి. ఒక అబ్బాయి ఇంటి నుంచి స్కూల్‌కి బయల్దేరాడు. 5 నిమిషాల్లో 400 మీటర్లు నడిచాడు, ఫ్రెండ్ కోసం 3 నిమిషాలు ఆగాడు, తర్వాత 6 నిమిషాల్లో మిగతా 600 మీటర్లు నడిచి స్కూల్ చేరాడు. గేట్ దగ్గరికి వెళ్ళాక లంచ్ బాక్స్ మర్చిపోయానని గుర్తొచ్చి అదే నిమిషంలో పరిగెత్తి 5 నిమిషాల్లో ఇంటికొచ్చేశాడు. నిలువుగా 'ఇంటి నుంచి దూరం', అడ్డంగా నిమిషాలు. గీసేటప్పుడు మీవాడికి ఇబ్బంది ఏమీ ఉండదు, గీసింది పక్కన పెట్టి అప్పుడు అడగండి. గీత కిందికి దిగుతోంది కదా, అంటే స్లో అయ్యాడా? కాదు, నిమిషానికి 200 మీటర్లు, మొత్తం దారిలో అదే ఎక్కువ స్పీడ్. దిగడం అంటే ఇల్లు దగ్గర పడుతోంది అని, అంతే. ఎంత నిటారుగా దిగితే అంత జోరుగా వస్తున్నాడని. నిలువు అక్షం మీద 'ఇంటి నుంచి దూరం' తీసేసి 'మొత్తం నడిచిన దూరం' అని రాస్తే ఆఖరి ముక్క ఎలా మారుతుంది అని కూడా అడగండి, గీత దిగదు, పైకే పోతుంది, 2000 మీటర్ల దగ్గర ఆగుతుంది. కథ అదే, నిలువు అక్షం మీద మాట మారేసరికి గీత మారిపోయింది. దీని మీద ఎంత సేపు కూర్చున్నా టైమ్ వేస్ట్ కాదు.

ఇప్పుడు అసలైన కష్టం. అదే ప్రయాణాన్ని వేగం-కాలం గ్రాఫ్‌గా గీయమనండి. చాలామంది పిల్లలు మొదటి గ్రాఫ్ ఆకారాన్నే మళ్ళీ గీసేస్తారు. రావాల్సింది ఏంటంటే మొదటి 5 నిమిషాలు 80 దగ్గర ఒక అడ్డగీత, తర్వాత 3 నిమిషాలు సున్నా మీద, తర్వాత 6 నిమిషాలు 100 దగ్గర ఇంకో అడ్డగీత, చివర్లో 200 దగ్గర ఇంకోటి (ఇక్కడ వేగం అంటే స్పీడ్ మాత్రమే, ఎటువైపు వెళ్తున్నాడు అన్నది లెక్కలోకి తీసుకోవద్దు). మొదటి గ్రాఫ్‌లో అడ్డగీత ఉంటే ఆగాడని అర్థం, ఇందులో అడ్డగీత ఉంటే ఒకే స్పీడ్‌తో నడుస్తున్నాడని అర్థం, సున్నా మీద ఉంటేనే ఆగినట్టు. ఒకే రకం గీతకి రెండు అర్థాలు ఎలా వచ్చాయో వాడి నోటితో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి, నిమిషాలు సరిగ్గా ఒకే వరసలో ఉండేలా గీయించండి. విడివిడి పేజీల్లో ఉంటే కుదరదు.

క్రికెట్ చూస్తాడా? చూస్తే మీ పని ఇంకా తేలిక. టీవీలో ఓవర్ ఓవర్‌కి ఎన్ని పరుగులొచ్చాయో నిలువు కమ్మీలు చూపిస్తారే, దాన్ని మాన్‌హటన్ అంటారు. మొత్తం స్కోర్ పాక్కుంటూ పోయే గీత వార్మ్. ఆ రెంటికీ ఉన్న సంబంధమే వేగం-కాలం, దూరం-కాలం గ్రాఫుల సంబంధం, ఏమీ తేడా లేదు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో జరిగిన వరల్డ్ కప్ ఫైనల్ మనం ఎవరం మర్చిపోలేదు కదా. మన వాళ్ళు మొదటి 10 ఓవర్లకి 80 పరుగులు, 50 ఓవర్లకి 240 ఆలౌట్. అంటే మొదటి 10 ఓవర్లలో ఓవర్‌కి 8 చొప్పున, మిగతా 40 ఓవర్లలో 160 పరుగులు, ఓవర్‌కి 4 చొప్పున. వార్మ్ గీత కిందికి దిగిందా? దిగదు, పరుగులు వెనక్కి పోవు కదా. 10వ ఓవర్ తర్వాత గీత వాలు సగానికి పడిపోయింది, అదే మాన్‌హటన్‌లో చూస్తే కమ్మీలు పొట్టివైపోయాయి. ఈ మూడు పాయింట్లు (0, 0), (10, 80), (50, 240) పెట్టి కలపమనండి, ఎక్కడ వంగిందో కంటికే తెలుస్తుంది. చివరి ముక్క మొదటి ముక్క కంటే ఎత్తులో ఉన్నా దానికంటే నెమ్మది అని వాడు గుర్తించాలి, ఎత్తు వేరు వాలు వేరు అన్నది అక్కడే పట్టుబడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి కూడా అందులోనే ఉంది. ఆస్ట్రేలియాకి 47 పరుగులకే 3 వికెట్లు పడ్డాయి, 10 ఓవర్లు అయ్యేసరికి వాళ్ళ గీత మన గీత కిందే ఉంది, తర్వాత ఒక చోట మన గీతని దాటుకుని పైకి పోయింది, 43 ఓవర్లలో 241 కొట్టేశారు. రెండు గీతలు కలుసుకున్న ఆ పాయింట్ దగ్గర ఏం సమానం? చాలామంది పిల్లలు రన్ రేట్ సమానం అంటారు. ఆ ఓవర్‌కి స్కోర్ సమానం, అంతే, జోరు సమానం అయితే ఆస్ట్రేలియా గీత దాటుకుని పోయేదే కాదు. ఫిజిక్స్‌లో రెండు కార్ల దూరం-కాలం గీతలు ఖండించుకున్న చోట ఇదే తప్పు చేస్తారు, అక్కడ కార్లు ఒకే చోట ఉన్నాయి తప్ప ఒకే స్పీడ్‌లో లేవు.

క్రికెట్ మీద ఇంట్రెస్ట్ లేకపోతే పేపర్ ఉంది. మీ జిల్లాకి సాగర్ ఎడమ కాలువ నీళ్ళొస్తాయి, వానాకాలం వచ్చిందంటే సాగర్‌కి ఎంత ఇన్‌ఫ్లో, లెవెల్ ఎంత అని ఇంట్లో పెద్దవాళ్ళు చూస్తూనే ఉంటారు. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. పొద్దున ఇన్‌ఫ్లో 3 లక్షల క్యూసెక్కులు, సాయంత్రానికి 2 లక్షలకి తగ్గింది, బయటికి వదిలేది రోజంతా 50 వేలు అనుకుందాం, మరి డ్యామ్‌లో నీళ్ళు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని బాబుని అడగండి, వాళ్ళ నాన్నగారిని కూడా అడగండి. ఇన్‌ఫ్లో తగ్గింది కాబట్టి నీళ్ళు తగ్గుతున్నాయని టక్కున చెప్పేవాళ్ళు ఎక్కువ. వచ్చేది పోయేదానికంటే ఎక్కువే కాబట్టి పెరుగుతూనే ఉన్నాయి, పొద్దున పెరిగినంత జోరుగా కాదు, అంతే. ఇన్‌ఫ్లో గీత కిందికి, నీళ్ళ గీత పైకి, రెండూ ఒకే రోజు, రెండూ నిజమే. ఇన్‌ఫ్లో కూడా 50 వేలకి పడిపోతే అప్పుడు నీళ్ళ గీత అడ్డంగా అవుతుంది, నీళ్ళు లేవని కాదు, మారట్లేదని. వానాకాలంలో వారం పది రోజులు పేపర్లో వచ్చే లెవెల్ వాడితోనే గ్రాఫ్ కాగితం మీద పెట్టించండి. అప్పుడు నిలువు అక్షం సున్నా నుంచి మొదలుపెట్టాలా 500 నుంచి మొదలుపెట్టాలా అన్న ప్రశ్న వాడికే వస్తుంది. సున్నా నుంచి పెడితే 570కీ 590కీ తేడా కనపడదు, గీత దాదాపు అడ్డంగా పోతుంది, 500 నుంచి పెడితే బాగా కనపడుతుంది. ఇక్కడ అది తప్పు కాదు. కానీ కాలేజీ యాడ్‌లో రెండు కమ్మీలు పక్కపక్కన పెట్టి, అక్షం 90 నుంచి మొదలుపెట్టి, 98 శాతం కమ్మీ 94 శాతం కమ్మీకి రెట్టింపు ఎత్తు చూపిస్తే మాత్రం అది మోసమే, ఎందుకంటే కమ్మీ అంటే మనం మొత్తం పొడవు చూసి పోల్చుకుంటాం. ఇది కూడా వాడికి ఇప్పుడే తెలియాలి, ఇంకో రెండేళ్ళలో ఆ యాడ్స్ చూసే కాలేజీ ఎంచుకుంటారు కదా.

నోట్స్ తెచ్చి మీరే చూడదగ్గ సంగతి ఒకటుంది, దానికి ఫిజిక్స్ రానక్కర్లేదు. అక్షం మీద అంకెలు సమానంగా పెరుగుతున్నాయా చూడండి. పట్టికలో 0, 2, 5, 10 అని ఉంటే చాలామంది పిల్లలు గడికి ఒకటి చొప్పున 0, 2, 5, 10 అనే రాసేస్తారు. 2 నుంచి 5కి ఉన్న జాగా, 5 నుంచి 10కి ఉన్న జాగా ఒకటే అయిపోతుంది, తిన్నగా పోవాల్సిన గీత వంకర పోతుంది, వంకర పోవాల్సింది తిన్నగా వస్తుంది. నీట్‌గా ఉంది కదా అని మార్కులు పడిపోతాయి. మీవాడి గ్రాఫులు నీట్‌గా ఉంటాయన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడండి. 10వ తరగతిలో ఓమ్ నియమం ప్రయోగం చేసినప్పుడు ఇలాంటిదే ఇంకోటి వస్తుంది, పాయింట్లన్నీ వరుసగా కలిపి రంపం పళ్ళలా గీస్తారు, కొలతల్లో చిన్న చిన్న తేడాలు మామూలే, వాటి మధ్య నుంచి పోయే ఒక సరళరేఖ గీయాలి.

అంకెల్లేని గ్రాఫులు కూడా గీయించండి, నాకు అన్నిటికంటే నమ్మకం వీటి మీదే. స్టవ్ మీద నీళ్ళు పెట్టాం, మరిగాక ఇంకో ఐదు నిమిషాలు అలాగే ఉంచాం, ఆపేశాం, వేడి ఎలా మారింది? బకెట్ కింద వెడల్పు తక్కువ, పైన ఎక్కువ, కుళాయి ఒకే ధారగా వస్తోంది, నీటి ఎత్తు ఎలా పెరుగుతుంది? పట్టిక లేదు, స్కేలు లేదు, ఆకారం ఒక్కటే. బకెట్ గ్రాఫ్ మొదట్లో జోరుగా లేచి పైకి పోయేకొద్దీ వాలు తగ్గుతుంది. దానికి కారణం చెప్పగలిగాడా, ఇంక వాడికి గ్రాఫ్ రాదని ఎవరూ అనలేరు. తప్పు గీస్తే వెంటనే 'ఇది తప్పు' అనకండి, 'నువ్వు గీసిన దాని ప్రకారం మూడో నిమిషంలో నీళ్ళు ఎక్కడున్నాయి' అని అడగండి, వాడే చెరిపి మళ్ళీ గీస్తాడు.

ఇక ఎంపీసీ. 9వ తరగతిలో ఒక టెస్ట్‌లో నాలుగు ప్రశ్నలు పోయాయని పిల్లాడి గ్రూప్ తేల్చేయడం అన్యాయం అమ్మా, ట్యూషన్ సార్ ఏ ఉద్దేశంతో అన్నా సరే. పైగా గ్రాఫులు తప్పించుకుందాం అని ఎంపీసీ మానేస్తే అవి మానవు. బైపీసీలో ఫిజిక్స్ ఉండనే ఉంది, ఎంజైమ్ ఎంత వేడి దగ్గర బాగా పనిచేస్తుందో చెప్పే గ్రాఫ్ కూడా అందులో వస్తుంది. మీరు చదివిన సీఈసీలోనే డిమాండ్ రేఖ ఉంది కదా, ధర నిలువుగా, పరిమాణం అడ్డంగా, ఎడమ నుంచి కుడికి కిందికి దిగే గీత. మీకు రావు అనుకుంటున్నారు కానీ మీరు ఒకటి చదివే పాసయ్యారు. అది బాబుకి మీరే చెప్పండి, ధర పెరిగితే ఏమవుతుందో ఆ గీత మీద వేలు పెట్టి చూపించి. గ్రూప్ సంగతి పదో తరగతి సగం అయ్యాక వాడికి ఏది ఇష్టమో చూసి మాట్లాడుకోండి, మీ ఆయనకీ ఇదే చెప్పండి, ఇప్పుడు దాని మీద గొడవ అనవసరం.

ట్యూషన్ మార్చాలా వద్దా అని మీరు అడగలేదు కానీ ఆ సార్‌తో ఒక మాట మాట్లాడండి. వారానికి ఒకసారి ఏదో ఒక గ్రాఫ్ ఇచ్చి గీయించకుండా చెప్పించమని అడగండి, బాబు తప్పు చెప్తే మార్కు కొట్టేయడం కాకుండా అలా ఎందుకు అనుకున్నావు అని అడగమనండి. ఒప్పుకుంటే మంచిదే, టైమ్ లేదు అంటే ఇంట్లో మీరు చేసేది చాలు. మొన్నటి టెస్ట్ పేపర్ పారేయకుండా దాచండి. ఒక నెల పోయాక ఆ నాలుగు ప్రశ్నలే మళ్ళీ ఇవ్వండి, మార్కులు వేయకండి, పక్కన కూర్చుని వాడు చెప్పేది వినండి, ఎక్కడైనా ఆగిపోతే ఏ మాట దగ్గర ఆగాడో రాసి నాకు పంపండి, దాన్ని బట్టి ఏం చేయాలో చెప్తాను.